పికప్ ఎత్తు పెంచాలా, పోయిన ఎత్తు తెచ్చుకోవాలా?

బొలెరో పికప్, టాటా ఏస్, దోస్త్ లాంటి చిన్న సరుకు బండ్లు నడిపేవాళ్ల దగ్గర "బండి కాస్త లేపించాలి" అన్న మాట తరచూ వినిపిస్తుంది. భీమవరం వైపు రొయ్యల చెరువుల గట్ల మీద మేత బస్తాలు మోసే బండి కావచ్చు, మామిడి తోటలోకి దిగి క్రేట్లు ఎత్తుకొచ్చే బండి కావచ్చు, బాధ ఒకటే. కింద ఏదో తగులుతోంది. అక్కడి నుంచి నేరుగా ఆటోనగర్‌కి పోయి కమాన్ కట్టలో, అంటే బండి బరువు మోసే ఉక్కు పట్టీల స్ప్రింగులో, ఒక పట్టీ ఎక్కువ వేయించుకుని వచ్చేస్తారు. షోరూం నుంచి వచ్చిన రోజు బండి ఎంత ఎత్తులో ఉంది, ఇప్పుడు ఎంతలో ఉంది అన్నది మాత్రం ఎవరూ కొలిచి చూడరు. ఏళ్ల తరబడి బరువులు మోసిన పికప్ చాలాసార్లు తన సొంత ఎత్తులోనే ఉండదు. మెకానిక్ భాషలో చెప్పాలంటే బండి కూర్చుంది. కూర్చున్న బండిని లేపి నిలబెట్టడం వేరు, నిలబడిన బండిని ఇంకా పైకెత్తడం వేరు. మొదటిదానికి ఖర్చు తక్కువ, గొడవ తక్కువ. రెండోదాంట్లో విడిభాగాల ఖర్చు చిన్నదే అయినా, దాని వెంట వచ్చే పనులు మాత్రం ఒక పట్టాన తెమలవు.

కూర్చుందో లేదో తేల్చడానికి ఒక టేపు చాలు. బండిని ఖాళీగా, చదునైన సిమెంటు నేల మీద నిలపాలి. చక్రం మధ్య బిందువు నుంచి నిటారుగా పైకి, మడ్‌గార్డు అంచు వరకు కొలవాలి. నేల మీద నుంచి కొలిస్తే టైరు అరుగుదల, గాలి కూడా లెక్కలో కలిసిపోయి అసలు విషయం దాగిపోతుంది. నాలుగు చక్రాల దగ్గరా కొలత రాసుకుని, అదే మోడల్ కొత్త బండి ఎక్కడ కనిపిస్తే అక్కడ అదే కొలత తీసుకుంటే తేడా బయటపడుతుంది. ఎడమకీ కుడికీ తేడా ఉంటే ఒక వైపు పట్టీ విరిగి ఉండే అవకాశం ఎక్కువ. వెనక ఇరుసుకీ ఛాసిస్‌కీ మధ్య ఉండే బంప్ రబ్బరు దగ్గర ఎంత ఖాళీ మిగిలిందో కూడా చూడాలి. ఖాళీ బండికే ఆ సందులో రెండు వేళ్లు దూరకపోతే, బరువు వేశాక ప్రతి గుంతలోనూ ఇనుము ఇనుముకి కొట్టుకుంటున్నట్టే.

తర్వాత చూడాల్సింది నేలకి తగులుతున్నది ఏది అని. ఇక్కడే చాలామంది డబ్బు తప్పు చోట పెడతారు. డెల్టా నల్లరేగడి దారుల్లో ట్రాక్టర్లు తిరిగి తిరిగి రెండు పక్కలా లోతైన గాళ్లు పడతాయి, మధ్యలో మట్టి కట్టలా మిగిలిపోతుంది. పికప్ ఆ గాళ్లలో దిగితే మధ్య కట్టకి ముందుగా రాసుకునేది వెనక హౌసింగ్‌లోని గుండ్రటి డిఫరెన్షియల్, అంటే ఇంజిను లాగుడుని రెండు చక్రాలకీ పంచే గేర్ల పెట్టె. అది ఇరుసులో భాగం, చక్రాలతో పాటే ఉంటుంది. కమాన్ల మీద ఎన్ని పట్టీలు వేసినా, ఎన్ని దిమ్మలు పెట్టినా లేచేది ఛాసిస్, తొట్టి, క్యాబిన్ మాత్రమే. డిఫరెన్షియల్ ఉన్నచోటే ఉంటుంది. దాన్ని లేపగలిగేది టైరు ఒక్కటే.

ఆ టైరు లెక్క కూడా ఆశపడినంత ఇవ్వదు. 215/75 ఆర్15 టైరు మొత్తం వ్యాసం సుమారు 703 మిల్లీమీటర్లు. అదే రిమ్ముకి 235/75 ఆర్15 వేస్తే 733 దాకా వస్తుంది. వ్యాసంలో 30 మిల్లీమీటర్లు పెరిగితే ఇరుసు లేచేది అందులో సగం, అంటే 15 మిల్లీమీటర్లు. బదులుగా స్పీడోమీటరు 4 శాతానికి కాస్త పైగా తక్కువ చూపిస్తుంది, ఎత్తు ఎక్కేటప్పుడు గేరు లాగుడు తగ్గుతుంది, స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు మడ్‌గార్డు లోపలి రేకుకి రాసుకోవచ్చు, స్టెప్నీ దాని చోట్లో పట్టకపోవచ్చు. సరుకు బండికి టైరు మార్చేటప్పుడు వెడల్పు కన్నా ముందు చూడాల్సింది దాని మీద ఉన్న లోడ్ ఇండెక్స్, ప్లై రేటింగ్, అంటే ఎంత బరువు మోయగలదో చెప్పే గుర్తులు. చూడ్డానికి గంభీరంగా ఉండే కారు టైరు, బస్తాల కింద పక్కగోడ పగిలి దారి మధ్యలో నిలబెట్టేస్తుంది.

తగులుతున్నది డిఫరెన్షియల్ కాదు, తొట్టి వెనక అంచో, సైలెన్సరో, స్టెప్నీనో, ఫుట్‌బోర్డో అయితే అప్పుడు కమాన్ల సంగతి చూడొచ్చు. స్టెప్నీ వేలాడే చైన్ సాగిపోవడం, సైలెన్సర్ రబ్బర్లు తెగడం లాంటివి కూడా "బండి కిందికి దిగింది" అన్న ఖాతాలో పడిపోతుంటాయి, అవి ముందే సరిచేసుకోవచ్చు.

కమాన్ కట్టను దగ్గరగా చూస్తే బండి చరిత్ర తెలుస్తుంది. పట్టీల కొసల దగ్గర కింది పట్టీ మీద మెరుస్తున్న గీత ఉంటే రెండూ రాసుకుంటూ పనిచేస్తున్నాయని అర్థం. పట్టీల మధ్య వెలుతురు కనిపిస్తే వంపు పోయిందనో, మధ్యలో ఒకటి విరిగిందనో అర్థం. విరుగుడు ఎక్కువగా పట్టీలన్నిటినీ మధ్యలో కలిపి పట్టే సెంటర్ బోల్టు రంధ్రం దగ్గర మొదలవుతుంది. వంగుడు భారమంతా పడేది అక్కడే, రంధ్రం వల్ల ఉక్కు తక్కువ ఉండేదీ అక్కడే. పైన కట్టని ఇరుసుకి బిగించే యూ బోల్టులు, ప్లేటు కప్పేసి ఉంటాయి కాబట్టి కట్ట విప్పితే గాని ఆ పగులు కనపడదు. కమాన్ కొసని ఛాసిస్‌కి తగిలించే ఊగే కొక్కెం షాకిల్, అది ఎటు వాలి ఉందో కూడా గమనించాలి. కమాన్ చదునైపోతే దాని పొడవు సాగినట్టయి షాకిల్‌ని వెనక్కి నెట్టేస్తుంది. కమాన్ కొసల కళ్లలో ఉండే బుష్‌లు అరిగితే కొన్ని మిల్లీమీటర్లు అక్కడే పోతాయి, పైగా బండి నడకలో టకటక శబ్దం. ఈ మొత్తం వరసలో బుష్‌ల సెట్టే అన్నిటికన్నా చవక, అయినా ఎత్తు కోసం వచ్చినవాళ్లు బుష్‌ల గురించి అడగడం అరుదు.

కూర్చున్న పట్టీలకి మళ్లీ వంపు తెప్పించడం కమాన్ షాపుల్లో పాత పని. పట్టీ విప్పి చల్లగా ఉండగానే ప్రెస్ మీదో, సుత్తితోనో వంచుతారు. జాగ్రత్తగా చేస్తే పోయిన ఎత్తులో చాలా భాగం వెనక్కి వస్తుంది. కాకపోతే అలసిన ఉక్కు కొత్త ఉక్కు అయిపోదు, బరువులు పడ్డకొద్దీ మళ్లీ దిగుతుంది. సుత్తి దెబ్బలు లోతుగా పడిన గుంటల నుంచే పగుళ్లు మొదలయ్యే ప్రమాదమూ ఉంది. గ్యాస్ మంటతో ఒకచోట ఎర్రగా కాల్చి వంచేవాళ్ల దగ్గర మాత్రం పని పెట్టుకోకూడదు. స్ప్రింగు ఉక్కుకి ఆ సాగే గుణం పదును పెట్టడం వల్ల వచ్చింది. పట్టీ మొత్తాన్ని కొలిమిలో సమంగా కాల్చి, నూనెలో చల్లార్చి, మళ్లీ తక్కువ వేడిలో పదును సరిచేస్తేనే అది నిలుస్తుంది. మంట తగిలిన ఒక్కచోట మెత్తబడిన పట్టీ కొద్ది రోజులకే అక్కడ వంగిపోతుంది, లేదా మంట తగిలిన హద్దులో విరుగుతుంది. పట్టీలు బాగా అలిసిపోయి ఉంటే కంపెనీ నంబరుతో కొత్త కట్ట వేయించడమే లెక్క ప్రకారం చవక, ఎందుకంటే మళ్లీ మళ్లీ విప్పే కూలీ మిగులుతుంది.

ఇక అందరూ చేసే పని, ఒక పట్టీ ఎక్కువ వేయించడం. ఇది ఎత్తూ ఇస్తుంది, బిగువూ, అంటే వంగకుండా నిలిచే గుణమూ, పెంచుతుంది. రెండోదే అసలు చిక్కు. ఒకే మందం పట్టీలు ఆరు ఉన్న కట్టలో ఏడోది చేరిస్తే బిగువు సుమారు ఆరోవంతు పెరుగుతుంది. మందం మారితే కథ వేరే. పట్టీ బిగువు దాని మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 8 మిల్లీమీటర్ల పట్టీ బదులు అదే పొడవు, వెడల్పు ఉన్న 10 మిల్లీమీటర్లది వేస్తే ఆ ఒక్కటే దాదాపు రెండు పట్టీల పని చేస్తుంది. షాపులో మూల పడి ఉన్న వేరే బండి పట్టీని "ఇది బలంగా ఉంటుంది" అని వేసేస్తే, బండి బరువున్నప్పుడు బాగానే ఉండి ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు వెనక చక్రాలు గతుకుల మీద గంతులేస్తాయి. నేలని వదిలిన చక్రానికి బ్రేకు పట్టదు. వాన పడ్డ రోడ్డు మీద ఖాళీ పికప్ వెనక భాగం పక్కకి జారడం చూసినవాళ్లకి ఇది కొత్త సంగతి కాదు.

పట్టీ పెరిగితే మోయగల బరువు కూడా పెరిగిందని అనుకోవడం ఇంకో అపోహ. కమాన్ బలపడింది గాని ఇరుసు, బేరింగులు, రిమ్ములు, బ్రేకులు, ఛాసిస్ పాతవే. ఆర్‌సీలో రాసిన మొత్తం బరువు అంకె మారదు. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టంలో ఓవర్‌లోడుకి జరిమానా 20,000 రూపాయలు, ఆపైన ఎక్కువైన ప్రతి టన్నుకీ 2,000. కాటా మీద నిలబెట్టినప్పుడు కమాన్ కట్టలో ఎన్ని పట్టీలున్నాయని ఎవరూ అడగరు.

చవకలో చవక మార్గాలు ఇంకో రెండు ఉన్నాయి. ఒకటి పొడవాటి షాకిల్. కమాన్‌కి షాకిల్ ఒక కొసనే ఉంటుంది కాబట్టి షాకిల్ రెండు అంగుళాలు పొడవు పెంచితే ఛాసిస్ లేచేది సుమారు ఒక అంగుళం. దాంతో పాటు ఇరుసు కాస్త తిరుగుతుంది, గేర్‌బాక్సు నుంచి డిఫరెన్షియల్‌ని తిప్పే జాయింట్ షాఫ్ట్ కోణం మారుతుంది. షాకిల్ పొడవైన కొద్దీ పక్క ఊపు కూడా పెరుగుతుంది. రెండోది కమాన్‌కీ ఇరుసుకీ మధ్య ఇనుప దిమ్మ పెట్టడం. దిమ్మ ఎంత మందమో అంత ఎత్తు, కమాన్ బిగువు మారదు, ఖాళీ బండి నడక పాడవదు. కాగితం మీద చూస్తే ఇంతకన్నా మంచి బేరం లేదు. కానీ దిమ్మ పెరిగిన కొద్దీ ఇరుసు కమాన్ నుంచి దూరమవుతుంది. క్లచ్ వదిలి లాగినప్పుడల్లా ఇరుసు మెలి తిరగబోతూ కమాన్‌ని ఎస్ అక్షరంలా వంచుతుంది. ఒక అంగుళం దిమ్మతో అది పెద్దగా తెలియదు, మూడు అంగుళాలతో బరువు మీద బయల్దేరేటప్పుడు కుదుపు రూపంలో తెలుస్తుంది. దిమ్మ కింద ఉండే పిన్ను ఇరుసు సీటు రంధ్రంలో సరిగ్గా కూర్చోవాలి, యూ బోల్టులు అంత పొడవున కొత్తవే వేయాలి. ఒక దిమ్మ మీద ఇంకో దిమ్మ పేర్చడం, చెక్క ముక్క పెట్టి బిగించడం చేయకూడదు. చెక్క వానకి ఉబ్బి ఎండకి ఎండుతుంది, ఆ పని జరిగిన ప్రతిసారీ యూ బోల్టు కాస్త వదులవుతుంది.

ముందు ఇరుసుకి దిమ్మ అసలు పెట్టకూడదు. బ్రేకు వేసినప్పుడు భారమంతా పడేది ముందుకే, స్టీరింగ్ ఉండేదీ అక్కడే. ఏస్ లాంటి బండ్లకి ముందు కూడా కమాన్లే కాబట్టి ఎత్తు పోతే కొత్త పట్టీయే దారి. ముందు కాయిల్ స్ప్రింగులున్న బండ్లకి స్పేసర్లు దొరుకుతాయి. కాయిల్, షాక్ అబ్జార్బర్ కలిసి ఉండే స్ట్రట్ పైన పెట్టే స్పేసర్ తన మందం కన్నా ఎక్కువే లేపుతుంది, ఎందుకంటే స్ట్రట్, చక్రాన్ని పట్టి ఉంచే ఆర్మ్ అయిన విష్‌బోన్ మీద చక్రం కన్నా లోపలికి ఉంటుంది. మెలి తిరిగి స్ప్రింగులా పనిచేసే టోర్షన్ బార్ కడ్డీ ఉన్న బండ్లలో అయితే విడిభాగమే కొనక్కర్లేదు, సర్దుబాటు బోల్టు తిప్పితే ముందు లేస్తుంది. అయితే పైకి లేచినంత మేర చక్రం కిందికి దిగే ప్రయాణం తగ్గిపోతుంది. మరీ తిప్పేస్తే గుంతలోకి దిగిన ప్రతిసారీ ఆర్మ్ తన హద్దుకి వెళ్లి టక్కున కొట్టుకుంటుంది. ఏ పద్ధతైనా చివర్లో అలైన్‌మెంట్ తప్పనిసరి. దాన్ని ఎగ్గొడితే ఆదా అయిన డబ్బంతా నాలుగు నెలల్లో ముందు టైర్లు తినేస్తాయి.

ఖాళీ పికప్‌లో వెనక కాస్త ఎత్తుగా, ముందు కాస్త కిందికి ఉండటం డిజైనులో లోపం కాదు. బరువు వేశాక బండి చదునవ్వాలని అలా చేశారు. వీడియోల్లో చూసి ముందు భాగాన్ని వెనకకి సమంగా లేపితే ఖాళీగా ఉన్నప్పుడు అందంగానే ఉంటుంది. టన్ను సరుకు వేశాక మూతి ఆకాశం చూస్తుంది, హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలో పడతాయి, స్టీరింగ్ తేలిపోయినట్టు అనిపిస్తుంది. సరదా కోసం బండి వాడేవాళ్లకి నప్పే మార్పు సరుకు బండికి నప్పకపోవడానికి ఇదొక ఉదాహరణ. ఇలాంటిదే అమెరికాలో పాత చిన్న పికప్‌లకి చేసే బాడీ లిఫ్ట్. అక్కడ ఐస్ హాకీ ఆటలో వాడే రబ్బరు బిళ్లలు సరిగ్గా అంగుళం మందం ఉంటాయి కాబట్టి వాటికి రంధ్రాలు చేసి ఛాసిస్‌కీ బాడీకీ మధ్య పెట్టేవాళ్లున్నారు. పెద్ద టైరుకి మడ్‌గార్డు దగ్గర చోటు దొరుకుతుంది గాని ఛాసిస్ నేల నుంచి ఒక్క మిల్లీమీటరు కూడా లేవదు. గట్టు దారికి అది పనికిరాని పని.

ఎత్తు పెంచినవాళ్లు ఎక్కువగా మర్చిపోయేది బ్రేకుల దగ్గర ఉంది. చాలా పికప్‌లలో వెనక ఇరుసుకీ ఛాసిస్‌కీ మధ్య ఒక సన్నటి కడ్డీ, దాని కొసన ఒక చిన్న వాల్వు కనిపిస్తాయి. మట్టి పట్టి ఉంటుంది కాబట్టి కంటికి ఆనదు. దాన్ని ఎల్‌ఎస్‌పీవీ (లోడ్ సెన్సింగ్ ప్రపోర్షనింగ్ వాల్వు) అంటారు. బరువు వేస్తే ఛాసిస్ ఇరుసు వైపు దిగుతుంది, కడ్డీ కదులుతుంది, వాల్వు వెనక బ్రేకులకి ఎక్కువ ఒత్తిడి పంపుతుంది. ఖాళీగా ఉంటే తగ్గిస్తుంది. ఇప్పుడు వెనక రెండు అంగుళాలు లేపితే, సరుకు నిండుగా ఉన్నా ఆ వాల్వుకి బండి ఖాళీగా ఉన్నట్టే తెలుస్తుంది. వెనక బ్రేకులు అరకొరగా పడతాయి, ముందు ప్యాడ్లు తొందరగా అరుగుతాయి, ఘాట్ దిగేటప్పుడు ముందు బ్రేకులు వేడెక్కిపోతాయి. పరిష్కారం కష్టమేమీ కాదు. ఎంత లేపారో ఆ మేరకు కడ్డీ బ్రాకెట్‌ని జరిపి పాత కొలతకి తెచ్చి, సర్వీసు పుస్తకం చెప్పిన ప్రకారం సరిచూడాలి. కమాన్ షాపులో అది వాళ్ల పని కాదనుకుంటారు, బ్రేకుల మెకానిక్‌కి కమాన్లు లేపిన సంగతే తెలియదు. మధ్యలో వాల్వు అలా ఉండిపోతుంది.

ఛాసిస్‌ని జాకీ మీద లేపి వెనక చక్రాలు గాలిలో వేలాడనిచ్చి చూస్తే మిగతావి కూడా బయటపడతాయి. షాక్ అబ్జార్బర్ పూర్తిగా సాగిపోయి ఇరుసు బరువంతా దాని మీదే వేలాడుతుంటే అది త్వరలోనే నూనె కారుతుంది, పొడవైనది వేయాలి. బ్రేకు రబ్బరు గొట్టం తీగలా బిగుసుకుంటే అది షాక్ అబ్జార్బర్ కన్నా అత్యవసరం. జాయింట్ షాఫ్ట్ కోణం ఎక్కువైతే ఒక వేగం దగ్గరే వచ్చే అదురు మొదలవుతుంది, తర్వాత షాఫ్ట్ కీళ్లలోని క్రాసులు పోతాయి. గేర్‌బాక్సు, డిఫరెన్షియల్ మూతులు ఒకదానికొకటి సమాంతరంగా ఉండేలా కమాన్ సీటు దగ్గర ఏటవాలు ముక్క వేయించాల్సి రావచ్చు. పని అయ్యాక కొన్ని వందల కిలోమీటర్లు తిరిగి, బరువు మీద ఉండగా యూ బోల్టులు మళ్లీ బిగించాలి. ఆ ఒక్క బిగింపు ఎగ్గొట్టడం వల్లే సెంటర్ బోల్టు తెగి ఇరుసు పక్కకి జరిగిన బండ్లు ఆటోనగర్‌కి వస్తుంటాయి.

పల్టీ కొట్టే ప్రమాదం లెక్కలో చిన్నగానే కనిపిస్తుంది. ఎడమ కుడి చక్రాల మధ్య దూరం 1.4 మీటర్లు, సరుకుతో కలిపి భారకేంద్రం 1.2 మీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. సగం వెడల్పుని ఎత్తుతో భాగిస్తే 0.58. అయిదు సెంటీమీటర్లు లేపితే 0.56. తేడా 4 శాతం, అంతే. కాని గడ్డి మోపులో, కోళ్ల బోనులో క్యాబిన్ దాటి పైకి కట్టిన బండికి మిగిలి ఉన్న వెసులుబాటే అతి తక్కువ. చెరువు గట్టు ఏటవాలు మీద ఒక చక్రం మెత్తటి మట్టిలో దిగినప్పుడు ఆ 4 శాతమే తేల్చేస్తుంది.

నిజంగానే రెండు అంగుళాలు దాటి ఎత్తు కావాల్సిన దారుల్లో రోజూ తిరిగేవాళ్లు, ఉన్న బండిని చెక్కడం కన్నా కంపెనీయే ఎత్తుగా చేసిన బండి వైపు చూడటం మేలు. తిరుపతి జిల్లా శ్రీసిటీ ఫ్యాక్టరీలో తయారయ్యే ఇసుజు డీ-మ్యాక్స్‌లో 2021లో వచ్చిన హై-ల్యాండర్ ఆ కోవలోనిది. ఫోర్ వీల్ డ్రైవ్ లేకపోయినా ఎత్తు మాత్రం పెద్ద మోడల్‌దే. అక్కడ బ్రేకులు, షాఫ్ట్ కోణం, షాక్ అబ్జార్బర్ల పొడవు అన్నీ ఆ ఎత్తుకి సరిపోయేలా ముందే లెక్కేసి ఉంటాయి. ధర వేరే తరగతిది, నిజమే. అందుకే ఇది పాత బండి మార్చే సమయం దగ్గర పడ్డవాళ్లకి చెప్పే మాట.

చట్టం సంగతి కూడా తెలిసే దిగాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి, ఆర్‌సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణలో అనుమతి లేని మార్పుకి యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ అని ఉంది. రవాణా బండికి ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి కాబట్టి మార్పు ఎప్పటికైనా కంటపడుతుంది. అంతకన్నా ఇబ్బంది ప్రమాదం జరిగినప్పుడు, కంపెనీ ఇవ్వని దిమ్మల్ని ఫొటో తీసుకున్న బీమా సర్వేయర్ క్లెయిము మీద కొర్రీ వేయడానికి అది చాలు. అరిగిన కమాన్ కట్టని అదే కంపెనీ నంబరు కట్టతో మార్చి, బుష్‌లు, యూ బోల్టులు కొత్తవి వేయించడం ఈ సెక్షన్ల కిందికి రాదు, అది మరమ్మతు. ఆ బిల్లు మీద పార్ట్ నంబరు రాయించుకుని ఆర్‌సీ కవర్లో పెట్టుకుంటే ఫిట్‌నెస్ దగ్గరా, సర్వేయర్ ముందూ చూపించడానికి పనికొస్తుంది.